మూడో లెవెల్ దగ్గర

ఫోన్ అద్దం మీద గోరు తగిలే చప్పుడు చాలా చిన్నది. హైదరాబాదులో నేను పనిచేసే ఆఫీసులో, కొత్త ఆటలను మనుషుల చేత ఆడించి చూడడానికి ఒక గది ఉంది. తలుపు, కిటికీ వేస్తే బయటి శబ్దం లోపలికి రాదు కాబట్టి ఆ చప్పుడు వినబడుతుంది. ఈ ఉదయం వచ్చినామె కూరగాయల కొట్టు నడుపుతుందట. వీడియో గేమ్ ఎన్నడూ ఆడలేదని ముందే చెప్పింది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చూపుడు వేలితో మొదలుపెట్టింది. టిక్కు, టిక్కు, టిక్కు. కొంతసేపటికి చప్పుడు ఆగింది. ఆగిన వెంటనే నా చేతులు నన్నడగకుండా వీపు వెనక్కి వెళ్ళి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ఈ అలవాటు నాకు మస్తానమ్మ మేడమ్ వల్ల వచ్చింది. ఆవిడ పోయి మూడు నెలలయింది. ఈ మూడు నెలల్లో నేను ఏ పుస్తకమూ పది పేజీలకు మించి చదవలేదు. లేస్తాను, కిటికీ దాకా వెళ్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని మా విభాగం పాత విద్యార్థులు అడిగారు. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. రెండుసార్లూ ఆవిడ మంచితనం గురించి రాస్తూ పోయి, నేను చేసిన పనిని దాటవేశాను. ఈసారి అది కూడా రాస్తాను.

మేడమ్ మా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విభాగంలో పాఠాలు చెప్పేవారు. ఆవిడది ఉదయగిరి, నాది ఆత్మకూరు. పీజీలో నా పరిశోధనకు ఆవిడే గైడు. వీడియో గేమ్‌ల మీద పరిశోధన చేస్తున్నానని ఇంట్లో చెబితే, మా అమ్మ కుట్టు మిషను ఆపి, "ఆడుకునేదానికి కూడా పీజీ ఉండాదా మే?" అంది. ఉంది. ఆటను తయారు చేయడం అందులో సగం. తయారైన ఆట ఎదుటి మనిషికి ఎలా అర్థమవుతుందో, ఎక్కడ అర్థం కాకుండా పోతుందో తెలుసుకోవడం మిగతా సగం. మేడమ్ ఆసక్తి అంతా ఆ రెండో సగం మీదే. మనిషి నిలకడగా ఉండేవారు కాదు. పాఠం చెబుతూ గది ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేవారు. ఫోన్ వస్తే వరండా చివరి దాకా పోయి వచ్చేవారు. బస్సులో సీటు దొరికినా సగం దారి నిలబడే ఉండేవారు. ఆవిడ కదలకుండా కూర్చోవడం నేను చూసింది ఒకే సందర్భంలో: ఎవరైనా ఆట ఆడుతున్నప్పుడు.

మొదటి నెలలోనే నేను చేసిన ఒక చిన్న ఆటను జూనియర్ అమ్మాయి ఒకతె చేత ఆడించారు. ఆ అమ్మాయి బొమ్మను ఎడమవైపుకు నడిపించింది. నేను ఉండబట్టలేక, "అటు కాదు, కుడివైపు" అన్నాను. మేడమ్ చెయ్యెత్తి ఆపారు.

"ఆట ఎవరు చేసినారు?"

"నేనే మేడమ్."

"ఆడతా ఉండేది ఎవరు?"

"తను."

"మరి మధ్యలో నువ్వు ఆడతావేంది?"

"దారి తప్పింది మేడమ్."

"తప్పనీ. యాడ తప్పిందో చూసేదానికే కదా కూర్చున్నాం. చేతులు వెనక్కి పెట్టుకో. నోరు మూసుకో. ఆ అమ్మాయి లేచేదాకా నువ్వు ఈడ లేనట్టే, అంతే."

నాకు అప్పుడు అది క్రమశిక్షణ లాగా కనిపించింది. చేతులు కట్టుకుని నోరు మూసుకుంటే సరిపోతుందనుకున్నాను.

రెండో ఏడాది హైదరాబాదులోని ఒక ఆటల కంపెనీ మా విభాగంతో కలిసి పనిచేయడానికి ఒప్పుకుంది. చిన్న ఊళ్ళలో, ఎన్నడూ గేమ్ ఆడని మనుషులు కూడా ఆడుకోగల ఆట కావాలని వాళ్ళ కోరిక. ఒక్క అక్షరం కూడా లేకుండా, బొమ్మలతోనే నియమాలు తెలిసేలా ఆటను తయారు చేయవచ్చా అన్నది నా పరిశోధన. ఆట ఊహ నాది, బొమ్మలూ ప్రోగ్రామూ వాళ్ళవి. ఒక పెద్ద జలాశయం, దాని కింద కాలువలు, కాలువలకు షట్టర్లు. నీళ్ళు చివరి పొలం దాకా చేర్చాలి. సోమశిల నుంచి వచ్చే కాలువ పక్కన పెరిగినదాన్ని, నాకు అంతకంటే తేలికైన ఆట తోచలేదు. మొదటి రెండు లెవెళ్ళలో షట్టర్లు తెరిస్తే చాలు. మూడో లెవెల్లో మాత్రం దగ్గరి పొలానికి పోయే షట్టర్ మూయాలి. మూస్తే కాలువలో నీళ్ళు పెరిగి చివరి పొలానికి ఎక్కుతాయి. మా నాయన మడవ కట్టి నీళ్ళు పక్క మడికి మళ్ళించడం చూసి పెరిగాను కాబట్టి, ఇందులో చెప్పాల్సిందేమీ ఉన్నట్టు నాకు అనిపించలేదు.

కంపెనీ తరఫున కిరణ్ గారు ఈ పని చూసేవారు. మంచి మనిషి. ఆడించి చూసిన ఫలితాలు బాగుంటే ఆటను విడుదల చేస్తామని, నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటామని చెప్పారు. మేడమ్ వాళ్ళను అడుగుతున్న మరో రెండేళ్ళ పరిశోధన ఖర్చు కూడా దానితోనే ముడిపడి ఉంది. అందరికీ కావలసింది ఒక్కటే: ఆత్మకూరులో జనం ఈ ఆట ఆడగలగాలి.

అమ్మ కుట్టు దుకాణంలోనే ఆడించాను. రవికలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళను అడిగి, ఒప్పుకున్నవాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టి, ఎదురుగా కెమెరా పెట్టాను. నేను కెమెరా పక్కన నిలబడ్డాను. అందరికంటే ముందు మా పక్కింటి శేషమ్మత్త కూర్చుంది.

"ఏంది పాపా ఇది, నీళ్ళు కట్టేదా? మా ఆయన చేతగాక వదిలేసింది నాకిస్తా ఉండావే!"

అందరూ నవ్వారు. మొదటి రెండు లెవెళ్ళు సులభంగా దాటింది. మూడో దాని దగ్గర వేలు ఆగింది. అటూ ఇటూ నొక్కింది. కాసేపటికి తలెత్తి నన్ను చూసింది.

"చెప్పకూడదా మే? పరాయిదాని మాదిరి చూస్తా నిలబడినావు."

మిషను దగ్గర నుంచి అమ్మ అందుకుంది. "అడగతా ఉండాది కదా! చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

మా దుకాణంలో అది మామూలు మర్యాద. పని నేర్చుకునే పిల్ల సూదిలో దారం ఎక్కించలేకపోతే పక్కనున్నామె చెయ్యి చాస్తుంది. ఎవరూ ఎవరినీ చేతకానివాళ్ళుగా కూర్చోబెట్టి చూడరు. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి కెమెరా ముందు సిగ్గుపడుతోంది. నేను నోరు తెరవలేదు, చేతులు కదపలేదు. శేషమ్మత్త షట్టర్ మూసింది. నీళ్ళు చివరి పొలానికి ఎక్కాయి. "వచ్చినాయి, వచ్చినాయి!" అని అరిచింది. నాలుగు రోజుల్లో ఆడినవాళ్ళు దాదాపు అందరూ మూడో లెవెల్ దాటారు. కంపెనీకి వీడియోలు పంపాను. కిరణ్ గారు ఫోన్ చేసి అభినందించారు.

మేడమ్ ఆ వీడియోలు తన గదిలో మూడుసార్లు చూశారు. మూడోసారి నన్ను పిలిచారు. కంప్యూటర్ తెర మీద ఫోన్ కనబడేచోట ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. ఆడేవాళ్ళ ముఖాలు మాత్రమే కనబడుతున్నాయి.

"ఆటను చూడొద్దు. కళ్ళు చూడు" అన్నారు.

చూశాను. శేషమ్మత్త కళ్ళు పైకి లేచి ఒకచోట ఆగాయి. తర్వాత ఆమె చెయ్యి కదిలింది. రెండో ఆమె కళ్ళూ అదే చోట ఆగాయి. ఐదో ఆమెవీ అంతే. మేడమ్ కాగితం తీసేసి, వీడియో మళ్ళీ నడిపిస్తూ, మూలన వేలు పెట్టారు. కొలత సరిచూసుకోవడానికి మా దుకాణంలో నిలువుటద్దం ఒకటి ఉంటుంది. అది వాళ్ళ వెనక గోడకే ఉంది. అందులో నేను ఉన్నాను. శేషమ్మత్త వేలు దగ్గరి షట్టర్ వైపు పోయినప్పుడల్లా నా గడ్డం కొంచెం కిందికి వంగుతోంది. వేరేవైపు పోతే నా కనుబొమలు ముడిపడుతున్నాయి. ప్రతి వీడియోలోనూ అంతే.

నాకు తెలియకుండా చేశానని అందరూ అనుకుంటారు. మేడమ్ కూడా అలాగే అన్నారు. నిజం అది కాదు. మొదటి ఇద్దరి దగ్గర నాకు తెలియదు. మూడో ఆమె నా ముఖం వైపు చూసినప్పుడు నాకు తెలిసింది. తెలిసి కూడా పక్కకు తిరగలేదు. ఈ మాట మేడమ్‌కు ఎన్నడూ చెప్పలేదు.

"ఇవి పనికిరావు. మళ్ళీ ఆడించాల" అన్నారు మేడమ్, లేచి నడవడం మొదలుపెడుతూ.

"వారంలో కంపెనీ వాళ్ళు వస్తున్నారు మేడమ్. ఇందులో ఎవరికి నష్టం? అద్దంలో నన్నెవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. ఆట బయటికొస్తాది. ఉదయగిరిలో ఎవరో ఒకామె ఫోన్లో వేసుకుంటాది. మూడో దాని దగ్గర ఆగిపోతాది. తలెత్తి చూస్తే అక్కడ నీ మొహం ఉండదు. అప్పుడామె ఏమనుకుంటాది? ఆట బాగలేదనుకోదు రజనీ. తనకు తెలివి లేదనుకుంటాది. ఫోన్ పక్కన పెట్టేసి, మళ్ళీ ముట్టుకోదు."

ఆవిడ గోడ దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. "రేపు మా ఊరికి పోదాం పా" అన్నారు.

మర్నాడు ఆత్మకూరు చేరి, అక్కడ ఉదయగిరి బస్సెక్కాం. ఆవిడ ఎప్పటిలాగే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. కాలువ, వరి మళ్ళు దాటాక నేల ఎర్రగా, పొడిగా మారిపోతుంది. ఉదయగిరి కొండ కనబడేసరికి బస్సులో సగం మంది దిగిపోయారు. మేడమ్ వాళ్ళమ్మ హుసేనమ్మ గారు వసారాలో గోనెపట్ట మీద కూర్చుని కొయ్య గరిటెకు ఆకురాయి పడుతున్నారు. ఆ ఊళ్ళో కొయ్యతో గరిటెలు, స్పూన్లు చేసే ఇళ్ళలో అదొకటి. నేను గోడ వైపు మొహం తిప్పుకుని, ఆమెకు పక్కగా, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మేడమ్ గడప మీద కదలకుండా కూర్చున్నారు.

అవ్వ మొదటి రెండు లెవెళ్ళు తాపీగా దాటింది. మూడో దాని దగ్గర ఆగింది. ఉన్న షట్టర్లన్నీ తెరిచింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అన్నీ తెరిచింది. నా కాళ్ళ వేళ్ళు ముడుచుకుపోయాయి. లేచి వీధి చివరి దాకా పరిగెత్తాలనిపించింది.

"ఏందమ్మా, గోడతో మాట్లాడతా ఉండావా? నాకేమన్నా చెప్పేదుండాదా లేదా?"

నేను గోడ వైపే చూస్తూ కూర్చున్నాను.

"మస్తానూ, ఈ పిల్లకు నోరు రాదా?"

మేడమ్ నవ్వారు. "నాకు గరిటె చెక్కేది నేర్పేటప్పుడు నువ్వేమన్నా చెప్పినావా మా? మొహం తిప్పుకుని కూర్చున్నావు కదా."

"చెప్పలేదు. అందుకే నీకు గరిటె రాలా. పోయి కంప్యూటర్లో పడినావు."

ఆ మాటకు మేడమ్ ముఖంలో నవ్వు ఒక్క క్షణం తగ్గింది. అవ్వ ఇంకొకసారి ప్రయత్నించి, ఫోన్ పట్ట మీద పెట్టేసి, ఆకురాయి అందుకుంది. "నాకు రాదులే తల్లీ. చదువుకున్నోళ్ళకు గాని ఇవన్నీ."

మేడమ్ నా వైపు చూశారు. ముందు రోజు తన గదిలో చెప్పిన మాటలు అవే. అవ్వ ఓడిపోయాక అడగవచ్చు కాబట్టి అడిగాను. "అవ్వా, ఈ దగ్గర షట్టర్ మూసి చూడాలని అనిపించలేదా?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "నీళ్ళొస్తా ఉంటే మూస్తారా ఎవరన్నా? మా వీధికి కొళాయి వచ్చిందంటే ఉండే బిందెలన్నీ ఎత్తుకుని పరిగెత్తతాం. మూసేదానికి మనసెట్ట వస్తాది? ఈ ఆట చేసినోళ్ళెవరో గాని, బిందె పట్టుకుని నిలబడినోళ్ళు కాదు."

నాకు తేలికైన ఆట అవ్వకు ఎందుకు తేలిక కాదో అంతకంటే బాగా నా థీసిస్‌లో కూడా రాయలేకపోయాను. కాలువ పక్కన పెరిగినదానికి నీటిని మూయడం తెలివి. మెట్టలో అది పాపం. ఆత్మకూరులో నా గడ్డం దాచిపెట్టింది ఈ సంగతినే. మేడమ్ ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు పుస్తకంలో రాసుకున్నారు. తిరుగు ప్రయాణంలో, అడక్కుండానే, "అమ్మ ఒక్క మాట చెప్పుంటే గరిటె వచ్చేదేమో నాకు" అన్నారు.

కంపెనీ వాళ్ళు వచ్చిన రోజు నేను ఉదయగిరి వీడియో చూపించాను. ఆ వారంలో మిగిలిన రోజుల్లో మెట్ట ఊళ్ళలో ఆడించిన ఇంకొందరి వీడియోలు కూడా చూపించాను. ఎవరూ మూడో లెవెల్ దాటలేదు. కిరణ్ గారు అయోమయంగా, "ముందు పంపినవాటిలో అందరూ దాటారు కదమ్మా?" అన్నారు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. మొదటి మాట రావడం లేదు. గదిలో అందరూ నన్ను చూసి, తర్వాత మేడమ్‌ను చూశారు. ఆవిడ ఒక్క మాట అంటే సరిపోయేది. గైడుగా ఆ పొరపాటు తనదని అనవచ్చు, పద్ధతిలో లోపం అనవచ్చు. ఆవిడ కుర్చీలో కదలకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని, నా వైపు కూడా చూడకుండా కూర్చున్నారు. చివరికి నేనే చెప్పాను. "వాళ్ళు నా మొహం చూసి ఆడారు సార్. నేను చూపించాను."

ఆ ఏడాది చివర్లో కంపెనీ మా విభాగంతో ఒప్పందాన్ని ముగించింది. తప్పు వాళ్ళది కాదు. మూడో లెవెల్ నుంచి ఆటంతా మళ్ళీ తయారు చేయాలి, వాళ్ళకు అంత వ్యవధి లేదు. ఆట బయటికి రాలేదు. నాకు ఉద్యోగం రాలేదు. మేడమ్‌కు ఆ రెండేళ్ళ పరిశోధన రాలేదు. పీజీ పట్టా మాత్రం వచ్చింది. తీసుకుని వెళ్ళిపోయాను. రెండేళ్ళు ఆవిడకు ఫోన్ చేయలేదు. డేటా పారేయించినందుకు కాదు. ఆ గదిలో అందరి ముందు నన్ను ఒంటరిగా వదిలి, చేతులు వెనక్కి పెట్టుకున్నందుకు.

మేడమ్‌కు పక్షవాతం వచ్చిందని, మాట పడిపోయిందని అమ్మ చెప్పింది. ఆసుపత్రి నుంచి ఆత్మకూరులోని చెల్లెలి ఇంటికి తెచ్చారట. ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. గది గది తిరిగే మనిషి మంచం మీద పడుకుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు. ఏదో చెప్పబోయారు. కుడి చెయ్యి లేవలేదు, ఎడమ చెయ్యి కొంచెం లేచింది. "ఎ" అన్నారు.

"నీళ్ళా అక్కా? మందు కావాలనా? దిండు జరపమంటావా?" చెల్లెలు వెంటవెంటనే అడుగుతోంది. అడిగిన ప్రతిసారీ మేడమ్ కళ్ళు మూసుకుంటున్నారు. "ఇట్టే ఉంటాదమ్మా. మేమే ఏదో ఒకటి అనుకుని ఇచ్చేస్తా ఉండాం" అని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళింది.

మేడమ్ మళ్ళీ మొదలుపెట్టారు. "ఎ." ఆగారు. పెదవులు కదిలాయి. నుదుటి మీద చెమట పట్టింది. నేను నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఏ మాటా అందించలేదు. గడ్డం కదలకుండా పళ్ళు బిగపట్టుకున్నాను. ఆవిడ నన్నే చూస్తున్నారు. ఆ రోజు నేను ఆగింది ఆవిడ మీది గౌరవంతోనా, కంపెనీ వాళ్ళ ముందు నన్ను ఒంటరిగా వదిలినందుకు బదులుగానా? ఈ మూడు నెలలుగా నన్ను కూర్చోనివ్వని ప్రశ్న అదే. రెండూ ఉన్నాయని అనుకుంటున్నాను. వంటింట్లో పాలు దించిన చప్పుడయింది. గ్లాసుల చప్పుడయింది. ఆవిడ ఎడమ చెయ్యి నా భుజం వైపు లేచింది.

"ఎండ" అన్నారు. ఊపిరి తీసుకుని, "నీ మీద" అన్నారు.

కిటికీలోంచి ఎండ నేరుగా నా ముఖం మీద పడుతోంది. నేను గమనించనే లేదు. వచ్చినప్పటి నుంచి ఆవిడ చెప్పాలని పాటుపడుతున్నది అది. కుర్చీ పక్కకు జరుపుకున్నాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఈసారి విసుగుతో కాదు.

చెల్లెలు పాల గ్లాసుతో వచ్చి, "ఏమన్నా అడిగినాదా?" అంది.

"లేదక్కా. కుర్చీ జరుపుకోమన్నారు."

"అంత మాట ఎట్ట అనింది!" అని ఆమె ఆశ్చర్యపోయింది. నేను మరో రెండుసార్లు వెళ్ళాను. ఆ తర్వాత వెళ్ళాల్సిన అవసరం లేకపోయింది. మూడో ఆమె సంగతి, తెలిసి కూడా పక్కకు తిరగలేదన్న సంగతి, ఆవిడకు చెప్పాలని వెళ్ళిన ప్రతిసారీ అనుకున్నాను. ఆవిడ అడగలేని స్థితిలో ఉన్నప్పుడు చెప్పడం సులభం కదా అనిపించి చెప్పలేదు. అందుకే ఇక్కడ రాశాను.

వేరే కంపెనీదైన ఈ ఆఫీసులో చేరగానే, ఆడించే గదిలో ఎదురు గోడకున్న అద్దం తీయించాను. ఆడేవాళ్ళకు ఎదురుగా నిలబడను, వెనక కూర్చుంటాను. నా గడ్డాన్ని నేను ఇప్పటికీ నమ్మను. ఆడడం అయిపోయాక, రాలేదని లేచేవాళ్ళను అలాగే పంపను. ఎక్కడ ఆగారో అడిగి, అది మా తప్పని చెప్పి, వాళ్ళ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటాను.

ఈ ఉదయం కూరగాయల కొట్టామె వేలు చాలాసేపు ఆగే ఉంది. ఆమె ఒకసారి తల తిప్పి నా కోసం వెతికింది. నేను కనబడకపోయేసరికి మళ్ళీ ఫోన్ వైపు చూసుకుంది. ఈలోగా కిటికీలో ఎండ జరిగి ఆమె చెంప మీదికి వచ్చింది. లేచి కిటికీ తెర లాగాను. తిరిగి వచ్చి ఆమె వెనక కూర్చుని చేతులు వెనక్కి పెట్టుకున్నాను.